క్యాంపు నడపడం ఓడిపోయి నేర్చుకున్న డాక్టర్

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, సమ్మర్ క్యాంపుకు కోఆర్డినేటర్లు కావాలంటూ ప్రకటనలు మొదలవుతాయి. నెల ఖర్చులకు డబ్బులొస్తాయి, రెజ్యూమెలో ఒక లైన్ పెరుగుతుంది అని చాలామంది చేరిపోతారు. బీటెక్ మూడో ఏడాదిలో నేనూ చేరాను. బొమ్మలు, పాటలు, నాటకం నేర్పడానికి వేరే మాస్టార్లు ఉన్నారు. నా పనల్లా పిల్లల్ని లెక్కపెట్టడం, మంచినీళ్లు చూడటం, ఏ చెప్పులు ఎవరివో తేల్చడం. అసలు పని వాళ్లది, చిల్లర పని నాది అనుకునేవాణ్ని. మొదటి రోజు మధ్యాహ్నానికే అరిచి అరిచి గొంతు పోయింది.

చాలా ఏళ్ల తర్వాత యానుష్ కోర్చాక్ జీవితం చదివితే, సరిగ్గా అదే అవస్థతో మొదలైన మనిషి కనిపించారు.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సాలో ఒక యూదు కుటుంబంలో 1878లోనో, 1879లోనో పుట్టారు. తండ్రి పేరున్న లాయరే, కానీ కొడుకు పుట్టుక నమోదు చేయించడం మాత్రం వాయిదా వేస్తూ పోయారట. ఆ తండ్రికి మతి చలించడంతో ఉన్న డబ్బు వైద్యానికే కరిగిపోయింది. హెన్రిక్ స్కూల్లో ఉండగానే ట్యూషన్లు చెప్పి ఇంటికి ఆసరా అయ్యారు. 1898లో ఒక రచనల పోటీకి పెట్టుకున్న కలం పేరే యానుష్ కోర్చాక్. అదే చివరిదాకా నిలిచిపోయింది.

మెడిసిన్ చదువుతుండగా, 1904 వేసవిలో ఆయనకు క్యాంపు డ్యూటీ పడింది. వార్సాలోని పేద పిల్లల్ని వేసవిలో కొన్ని వారాలు ఉచితంగా పల్లెకు పంపే సంఘం ఒకటి ఉండేది. అలా మిహవూఫ్కా అనే చోటికి నూట యాభై మంది యూదు పిల్లలు వెళితే, అందులో ముప్పై మంది మగపిల్లలు ఈయన వంతు. బోలెడు ఉత్సాహంతో వెళ్లారు. పిల్లలు తనను చూడగానే ప్రేమించేస్తారని, పాటలతో ఆటలతో రోజులు గడిచిపోతాయని ఊహ. తీరా దిగాక ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఏ మంచం మీద పడుకోవాలి, ఎవరి వస్తువు ఎవరు తీశారు అంటూ ఒకటే గోల. రాత్రి పడకగదిలో ఈలలు, అరుపులు. ఓపిక నశించి ఒక పిల్లాణ్ని బయటకు ఈడ్చుకెళ్లి, ఇక్కడే వదిలేస్తే కుక్క కరుస్తుందని బెదిరించారు. ఇదంతా తర్వాత ఆయనే పుస్తకంలో రాసుకున్నారు. ఏమీ దాచలేదు.

బెదిరింపులతో పని జరగదని తెలిశాక పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఉపన్యాసం ఇవ్వలేదు. ఇక్కడ గొడవ ఎందుకవుతోంది, ఏం చేస్తే బాగుంటుంది అని వాళ్లనే అడిగారు. పిల్లలకు చెప్పడం వేరు, పిల్లలతో మాట్లాడటం వేరు అని తనకు అప్పుడే తెలిసిందంటారు. మన భాషలో చెప్పాలంటే, యూజర్‌ను ఒక్క మాట అడగకుండా సిస్టమ్ డిజైన్ చేసేశారన్నమాట. 1907లో మళ్లీ మిహవూఫ్కా వెళ్లారు. ఆ తర్వాతి ఏడాది క్రైస్తవ పిల్లల క్యాంపు విల్హెల్మూఫ్కాకు వెళ్లారు. ఈ క్యాంపుల మీద రాసిన రెండు పుస్తకాల్లో పిల్లలే నడిపే పత్రిక, పిల్లలే తీర్పు చెప్పే కోర్టు కనిపిస్తాయి.

అప్పటికి ఆయన వార్సాలో పిల్లల ఆసుపత్రి డాక్టర్. డబ్బున్న ఇళ్ల నుంచి పిలుపులు వచ్చేవి. అదంతా వదిలేసి 1912లో క్రోహ్మల్నా వీధిలో కొత్తగా కట్టిన అనాథాశ్రమానికి డైరెక్టర్‌గా వెళ్లారు. సుమారు వంద మంది పిల్లలు. కోర్చాక్ పేరు చెప్పేవాళ్లు స్టెఫానియా విల్చిన్‌స్కాను మర్చిపోతుంటారు, నాకది నచ్చదు. రోజువారీ బండి లాగింది ఎక్కువగా ఆవిడే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈయన సైన్యంలో డాక్టర్‌గా వెళ్లిపోతే ఇంటిని నిలబెట్టింది కూడా ఆవిడే.

ఆ ఇల్లు నడిచిన తీరు క్యాంపు పనిలోకి వెళ్లేవాళ్లు తెలుసుకోవాలి. వంటగది, మెట్లు ఊడవడం, బల్లలు తుడవడం అన్నీ పిల్లల డ్యూటీలే. అరగంట పని ఒక యూనిట్. యూనిట్లు పోగైతే జ్ఞాపకంగా ఒక బొమ్మ పోస్టుకార్డు ఇచ్చేవారు. కొత్తగా వచ్చిన పిల్లాడికి మొదటి కొన్ని నెలలు ఒక పెద్ద పిల్లో పిల్లాడో తోడు. గోడకు నోటీసు బోర్డు. నోటితో చెప్పలేనిది రాసి వేయడానికి ఉత్తరాల పెట్టె. దొరికిన వస్తువులకు అద్దాల బీరువా. పెద్దవాళ్ల కంటికి చెత్తలా కనిపించే తాడు ముక్కకి, గుండీకి, గులకరాయికి కూడా ఒక ఓనర్ ఉంటాడని ఆయన నమ్మకం. అందుకే ప్రతి పిల్లాడికీ సొంతంగా ఒక సొరుగు ఇచ్చారు. పిల్లల బరువు, ఎత్తు తానే కొలిచి రాసుకునేవారు. ఇంకో చిత్రం, ఊడిన పాలపళ్లను డబ్బులిచ్చి కొనేవారు.

అన్నిటికంటే గట్టిది కోర్టు. ఆ వారం తమ మీద ఏ కేసూ లేని పిల్లల్లోంచి చీటీలు తీసి ఐదుగురు జడ్జీలను ఎంచుకునేవాళ్లు. చట్టంలో మొదటి తొంభై తొమ్మిది సెక్షన్లూ ఏదో ఒక విధంగా క్షమించేవే. గట్టి తప్పులకు నూరు, రెండొందలు అలా పెరుగుతూ వెయ్యి దాకా వెళితే ఇంట్లోంచి పంపేయడం. స్టాఫ్ మీద కూడా కేసు వేయొచ్చు. ఆరు నెలల్లో కోర్చాక్ తన మీద తానే ఐదు కేసులు పెట్టుకున్నారు. ఒకటి పిల్లాడి చెవి మీద కొట్టినందుకు, ఇంకొకటి ఒక అమ్మాయి మీద దొంగతనం అనుమానం పెట్టుకున్నందుకు. కోర్టు వల్ల గోల పెరిగిందని మధ్యలో కొన్నాళ్లు ఆపేశారు కూడా. ఏ సిస్టమూ మొదటి వెర్షన్‌లోనే కుదరదు కదా.

1921 నుంచి వార్సా పక్కనే గొత్స్‌వావెక్‌లో రూజిచ్కా పేరుతో ఆశ్రమానికి సొంత వేసవి క్యాంపు ఏర్పడింది. 1926లో పిల్లలే విలేకరులుగా ఒక వారపత్రిక మొదలైంది. అది ఒక దినపత్రికతో పాటు ఇంటింటికీ చేరేది. రేడియోలో ఆయన ముసలి డాక్టర్‌గా దేశమంతా తెలిసిన గొంతు.

1939లో జర్మన్లు వచ్చారు. మరుసటి ఏడాది చివర్లో ఆశ్రమాన్ని గెట్టో గోడల లోపలికి తరలించారు. అరవై దాటిన డాక్టర్ రోజూ సంచి పట్టుకుని బంగాళాదుంపలు, పిండి అడుక్కోవడానికి తిరిగేవారు. లోపల మాత్రం డ్యూటీలు, తూకాలు, కోర్టు, పాఠాలు ఆగలేదు.

1942 జులై 18న ఆ పిల్లలు ఒక నాటకం వేశారు. అది మన ఠాగూర్ రాసిన పోస్టాఫీసు. జబ్బుపడి గదిలోంచి బయటకు రాలేని అమల్ అనే పిల్లాడు కిటికీలోంచి దారినపోయే వాళ్లతో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. ఎస్తెర్కా వినోగ్రాన్ అనే యువతి దర్శకత్వం చేసింది. రిహార్సల్స్ జరిగిన రోజుల్లోనే తిండి వికటించి ఇల్లంతా వాంతులతో పడితే, కోర్చాక్, స్టెఫా రాత్రంతా మందులు పట్టుకుని తిరిగారు. అయినా నాటకం ఆగలేదు. ఈ నాటకమే ఎందుకని అడిగినవాళ్లకు, చావును ప్రశాంతంగా ఒప్పుకోవడం పిల్లలు నేర్చుకోవాలని చెప్పారట.

నాలుగు రోజులకే గెట్టో నుంచి రైళ్లు మొదలయ్యాయి. తప్పించుకునే దారి చూపిస్తామని బయటి మిత్రులు అంతకుముందే అడిగినా ఆయన ఒప్పుకోలేదు. ఆగస్టు మొదటి వారంలో ఒక ఉదయం సైనికులు వచ్చారు. దాదాపు రెండు వందల మంది పిల్లలు వరసల్లో నడిచి రైలు దగ్గరికి వెళ్లారు. వాళ్లతో కోర్చాక్, స్టెఫా, మిగతా స్టాఫ్.

ఆ రైళ్లు మావ్‌కీనియా జంక్షన్ మీదుగా ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి వెళ్లేవి. మిహవూఫ్కా కూడా ఆ మావ్‌కీనియా దగ్గరే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ముప్పై మంది పిల్లలతో ఆయన మొదటి క్యాంపు నడిపింది అక్కడే.