అరంగుళం సూదికి వీడ్కోలు

12.7 మిల్లీమీటర్లంటే సరిగ్గా అరంగుళం. ఇన్సులిన్ సిరంజి సూది చాలాకాలం అంత పొడవే ఉండేది. రైల్వే కొలువులకని విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో ఉండిపోయిన మా తెలుగువాళ్లలో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి. ఈ సూదిని ఎరగని ఇల్లూ అంతే. ఇప్పుడది దాదాపు వెళ్లిపోయింది. తీసేశామని ఎవరూ చాటింపు వేయలేదు. 8 మిల్లీమీటర్లది వచ్చింది, 6 వచ్చింది, ఇన్సులిన్ పెన్నులకైతే 5, 2010కల్లా 4 కూడా వచ్చేసింది. చిన్నది వచ్చినప్పుడల్లా ఇది మందుల షాపు బీరువాలో ఇంకో అర వెనక్కి జరిగింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెబుతాను, దాంతోపాటు మిగతాదీ చెబుతాను. మనుషుల విషయంలో పాటించే మర్యాద సూదికి అక్కర్లేదు.

ముందు దాని పెద్దల సంగతి. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. 1924కల్లా బెక్టన్ డికిన్సన్ కంపెనీ ఇన్సులిన్ కోసమే గాజు సిరంజి తయారుచేసింది. ఆ గాజు సిరంజిని రోజూ గిన్నెలో మరిగించాలి. సూది మొద్దుబారితే రాయి మీద నూరుకోవాలి. మా పెద్దమ్మది ఆ కాలమే. తరవాత ప్లాస్టిక్ సిరంజి వచ్చింది, దానికి సన్నటి అరంగుళం సూది అతుక్కునే వచ్చింది, మరిగించే పని తప్పింది. మొదటిసారి పొడుచుకుని ఆవిడ అన్నమాట: "ఇదేంట్రా, దోమ కుట్టినట్టుంది!" మనవలు ఆ సూదిని చూసి గుమ్మం దాటి పారిపోయేవారు. ఆవిడకి మాత్రం అది దేవుడిచ్చిన సుఖం. ఈ సూదికి చెప్పవలసిన మొదటి కృతజ్ఞత ఇదే.

ఇక మిగతాది.

లావుగా ఉన్నవాళ్లకి పొడుగు సూది, బక్కపలచగా ఉన్నవాళ్లకి పొట్టి సూది అని ఒక లెక్క ఉండేది. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. పొట్ట పెద్దదైతే మందు దూరం వెళ్లాలిగా! కానీ ఇన్సులిన్ వెళ్లాల్సింది లోలోపలికి కాదు. చర్మం దాటితే చాలు, చర్మానికీ కండకీ మధ్యనున్న కొవ్వు పొరలో పడితే చాలు. ఆ పొర ఎంత మందమున్నా పైభాగంలో పడ్డ మందు కూడా ఒంటికి పడుతుంది. అంటే సూది దాటాల్సింది చర్మాన్ని. అదెంత మందం? 2010లో అచ్చైన ఒక అధ్యయనంలో 388 మంది పెద్దవాళ్లని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. జబ్బ, తొడ, పొట్ట, పిరుదు, ఎక్కడ చూసినా సగటున రెండు మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. బీఎంఐలో పది పాయింట్ల తేడా ఉన్నా చర్మం మందంలో తేడా 0.2 మిల్లీమీటర్లే. కొలిచినవాళ్లు సూదులు అమ్మే కంపెనీవాళ్లు కదా అని నాకూ అనుమానం వచ్చింది. కానీ 2013లో ఇందౌర్ డాక్టర్లు మనవాళ్లని కొలిచి చూపినవీ ఇంచుమించు ఆ అంకెలే. చర్మం లావు సన్నం చూడదు. లావయ్యేది దాని కిందున్న కొవ్వు.

కాబట్టి అరంగుళం సూది కొవ్వు దాటి కండలో దిగే ముప్పు లావుపాటివాళ్లకి తక్కువ, బక్కవాళ్లకే ఎక్కువ. నిటారుగా, చర్మం ఎత్తి పట్టకుండా పొడిస్తే మందు కండలో పడే అవకాశం 12.7 మిల్లీమీటర్ల సూదికి 45 శాతమని 2014లో లెక్కగట్టారు. 8కి 15 శాతం, 4కి 0.4 శాతం. కండలో పడ్డ ఇన్సులిన్ ఒంట్లోకి గబగబా పాకుతుంది. అందులోనూ కాలు చెయ్యి ఆడిస్తే మరీ తొందర. తొడకి పొడుచుకుని వెంటనే బజారుకి నడిచిన మనిషి షుగరు పడిపోయి దారిలో చెమటలు పట్టి కూలబడితే, అన్నం తినలేదనో ఎండ తగిలిందనో అనుకునేవాళ్లం. రాయ్‌పూర్ మే నెల ఎండకి ఆ నింద మోసే బలం ఉందిగా! సూదిని ఎవరూ అనుమానించేవారు కాదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఇది చిన్న సంగతి కాదు. షుగరు తిండి ఎక్కువైనవాళ్లకే వస్తుందనుకుంటాం. కానీ బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు చూసే పల్లెటూరి పేదల్లో ఎముకల గూడులాంటి ఒంటితోనే షుగరు తెచ్చుకున్నవాళ్లున్నారు. తిండి లేమితో ముడిపడిన షుగరుని 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ ఐదో రకంగా గుర్తించింది కూడా. అలాంటి ఒంట్లో చర్మం కిందే కండ. అరంగుళం సూదికి అక్కడ కొవ్వులో ఆగే చోటే లేదు.

అయినా ఒక మేలు దాని పేరునే రాసుకోవాలి. చర్మం ఎత్తి పట్టుకోవడం మనకి నేర్పింది అదే. బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండిటితోనే. గుప్పిటతో పట్టుకుంటే కండ కూడా లేచి వస్తుంది, పట్టుకున్న ప్రయోజనమే పోతుంది. మేకాహారా అని పిలిచే రాయ్‌పూర్ పెద్దాసుపత్రిలో ఒక నర్సు పెద్దమ్మకి ఇది నేర్పి, పట్టుకున్న చోటు వదలకుండా మందంతా ఎక్కించి, సూది తీశాకే వదలమని మరీమరీ చెప్పింది. భయపెట్టే పొడవు కాబట్టే ఆ జాగ్రత్త ఒంటబట్టింది. 4 మిల్లీమీటర్ల సూదితో మొదలుపెట్టిన ఈతరం కుర్రాళ్లలో చాలామందికి చర్మం ఎత్తడమే రాదు, వాళ్లకి చాలావరకు అవసరమూ పడదు.

వారసుల సంగతి కూడా చెప్పాలి. పెన్ను వాడేవాళ్లకి, పెద్దవాళ్లయినా పిల్లలైనా, 4 మిల్లీమీటర్లు చాలని ఇప్పటి సిఫారసు. నిటారుగా పొడిచి, మందు ఎక్కాక పది అంకెలు లెక్కపెట్టి తీయాలి. లావుగా ఉన్నవాళ్లకి ఇంత పొట్టిది చాలదనే బెంగ చాలామందికి ఇంకా తీరలేదు. 2015లో బాగా లావున్న రోగులకే 4, 8, 12.7 సూదులిచ్చి పోల్చారు. షుగరు అదుపులో తేడా రాలేదు. సీసాలోంచి సిరంజితో తీసుకునేవాళ్లకి మాత్రం 4 దొరకదు, సీసా రబ్బరు మూతని గుచ్చి లోపలికి వెళ్లాలి గనక. సిరంజికి అన్నిటికన్నా పొట్టిది 6. చవక కాబట్టి మన దగ్గర ఎర్రమూత 40 యూనిట్ల సిరంజీలు వాడే ఇళ్లు ఇంకా ఎన్నో. అలాంటి ఇంట్లో 8 ఉంటే చర్మం ఎత్తి పట్టాల్సిందే. బక్కవాళ్లయితే 6తో కూడా ఎత్తిపట్టడమో, ఏటవాలుగా పొడవడమో చేయాలి. డబ్బా మీద పొడవు మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది, కొనేముందు ఆ అంకె చదవమని షాపులో కుర్రాడిని అడిగినా చెబుతాడు.

ఒక నేరం మాత్రం అరంగుళం సూది మీద మోపకూడదు. పొట్ట మీద చేతికి తగిలే గడ్డలు దాని పొడవు వల్ల వచ్చినవి కావు. రోజూ ఒకేచోట పొడుచుకోవడం వల్ల, ఒకే సూదిని పది రోజులు వాడటం వల్ల వచ్చినవి. 4 మిల్లీమీటర్లతోనూ అంతే వస్తాయి. ఆ గడ్డలో నొప్పి తెలియదు గనక చాలామంది అక్కడే పొడుచుకోవడం మరుగుతారు. అక్కడ మందు సరిగ్గా ఎక్కదు గనక డోసు పెంచుకుంటూ పోతారు. ఇవాళ కొత్త పొట్టి సూదితో గడ్డ వదిలి మంచి చోటుకి మారాలనుకునేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడి మారాలి, ఎందుకంటే అదే డోసు మంచి చర్మంలో పడితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు.