లె షాటలియే మహాశయుని చరిత్రము

సున్నపురాయిని కాల్చిన సున్నమగునని చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. రాయిలోని బొగ్గుపులుసు వాయువు పైకి పోవును, సున్నము మిగులును. అట్లుగాక, రాయిని మూత బిగించిన పాత్రలో నుంచి బయటనుండి కాల్చిన నేమగును? పుట్టిన వాయువు పోవుటకు దారిలేక మరల సున్నముతో కూడి రాయి యగుటకు మొదలిడును. విడిపోవు వేగమును, కూడు వేగమును సమానమైనప్పుడు పైకి పని నిలిచినట్లుండును; లోపల రెండును నడచుచునే యుండును. దీనినే మన పుస్తకములు రసాయన సమతాస్థితి యనును. కన్నడములో సమతోలన మందురు.

ఈ సమతాస్థితిని కదలించిన నేమి జరుగునో సూత్రీకరించినవాడు హెన్రీ లూయీ లె షాటలియే. పాఠములలో లీచాట్లియర్ అని కనబడు పేరు ఈయనదే. తెలుగు పంతుళ్ళకు రసాయనముతో నేమి పని యని తలిదండ్రు లడుగవచ్చును. పిల్లలు ఈ పేరును వట్టి సూత్రముగా వల్లించుట వినుచున్నాము. దాని వెనుక నొక మనిషి యున్నాడని చెప్పుట మా పనియే యని తలచితిమి.

ఆయన 1850 అక్టోబరు 8 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి లూయీ గనుల శాఖలో గొప్ప ఇంజనీరు. ఈఫెల్ గోపురముపై చెక్కిన 72 పేర్లలో లె షాటలియే యన్నది తండ్రిదే, కుమారునిది కాదు. కుమారుడును గనుల ఇంజనీరై, 1877 లో పారిస్ గనుల విద్యాలయమున ఆచార్యుడయ్యెను. సిమెంటు నీటితో కలిసి గట్టిపడు తీరును శోధించి 1887 లో డాక్టరు పట్టము పొందెను. గనులలో మండు వాయువుల ప్రేలుడులను పరిశీలించెను. కొలుముల వేడిని కొలుచుటకు ప్లాటినము, రోడియము తీగెలతో సాధనము నిర్మించెను. ఎసిటిలీనును ఆమ్లజనితో మండించిన మూడువేల డిగ్రీలకు మించిన జ్వాల వచ్చునని 1895 లో చూపెను. నేటి గ్యాసు వెల్డింగునకు మూలమదియే.

ఆయన సూత్రము 1884 నాటిది. వేడి విషయమున వాంట్ హాఫ్ చెప్పినదానిని పీడనమునకు, గాఢతకు కూడ ఆయన విస్తరించెను. సమతాస్థితిలోనున్న దానిపై మార్పు తెచ్చినచో, ఆ మార్పును కొంత తగ్గించు దిక్కునకే అది జరుగును. గోలీసోడా మూత తీయుదుము. లోపలి పీడనము తగ్గును. వెంటనే నీటిలో కరగిన వాయువు బుసబుస బయటకు వచ్చును. ఈ సంగతి తెలియక ఆంగ్ల దేశమున ఇనుప కొలుముల యజమానులు విస్తారముగ ధనము వెచ్చించి కొలుముల ఎత్తు పెంచిరి. పైనుండి పోవు కార్బన్ మోనాక్సైడు, ఖనిజముతో ఇంకను కొంతసేపున్న ఖర్చగునని వారి యాశ. వాయువు తగ్గలేదు, చర్యకు కావలసినది కాలము కాదు, అచట సమతాస్థితి యేర్పడియున్నది.

ఇక అమోనియా కథ. ఒక పాలు నత్రజనియు, మూడు పాళ్ళు ఉదజనియు కూడి రెండు పాళ్ళ అమోనియా యగును. నాలుగు రెండగుచున్నవి గనుక పీడనము పెంచిన అమోనియా హెచ్చవలెను. చర్యలో వేడి పుట్టును గనుక చల్లదనము మేలు. కాని చల్లగనున్న చర్య నత్తనడక నడచును. ఈ చిక్కును ఆయనకన్న నెరిగినవా రెవరు? 1901 లో ఇనుమును ప్రేరకముగ నుంచి, 600 డిగ్రీల వేడిలో, వాతావరణమునకు 200 రెట్ల పీడనముతో ప్రయత్నించెను. వాయువులలో గాలి కలిసియుండుటచే యంత్రము భయంకరముగ ప్రేలెను. సహాయకునికి ప్రాణాపాయము తృటిలో తప్పెను. ఆయన ఆ పనిని విడిచెను.

విడుచుట తప్పా? సహాయకుని ప్రాణము తలచిన తప్పని మేమనలేము. కాని గాలిని తొలగించిన చాలునను మాట పిదప గ్రహింపబడెను. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909 లో అమోనియాను చుక్కలుగ రాల్చెను. 1913 లో ఓపౌ నగరమున బాష్ కర్మాగారమును నడపెను. చేతికందినది జారిపోనిచ్చితినని లె షాటలియే ముసలితనమున బాహాటముగ ఒప్పుకొనెను.

ఆయన 1936 సెప్టెంబరు 17 న మరణించెను. 1940 ప్రాంతమున మైసూరు చేరువ బెళగొళలో ఎరువులకై అమోనియా తయారయ్యెను. నేడు మన రైతులు టమాటా తోటలకు చల్లు యూరియా సంచిలోని నత్రజని యంతయు ఆ అమోనియా దారినే వచ్చుచున్నది.