గగన సేనాని సుబ్రతో ముఖర్జీ

1929 నాటికి భారతదేశానికి సొంత వైమానిక దళం లేదు. యుద్ధవిమానం నడపాలన్న కోరిక గల భారతీయ యువకునికి ఆ విద్య నేర్పే కళాశాల దేశంలో ఒక్కటీ లేదు. అట్టి కాలంలో, వైద్యుడు కావలెనని కేంబ్రిడ్జి చేరిన పద్దెనిమిదేళ్ల బెంగాలీ యువకుడొకడు ఆ చదువును విడిచి విమాన చోదకుడు కావడానికి నిశ్చయించుకొన్నాడు. ఆయనే స్వతంత్ర భారత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ.

సుబ్రతో 1911 మార్చి 5వ తేదీన కలకత్తాలో విద్యాధికుల కుటుంబంలో జన్మించాడు. తండ్రి సతీశ్‌చంద్ర ముఖర్జీ ఐ.సి.ఎస్. అధికారి. తల్లి చారులత స్త్రీల అభ్యున్నతికి పాటుపడిన విదుషీమణి. నలుగురు సంతానంలో సుబ్రతో కడగొట్టువాడు. అక్క రేణుకా రే తరువాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలయింది. ఆయన బాల్యం బెంగాలులోని కృష్ణనగర్, చిన్సురా పట్టణాలలో గడిచింది. 1927లో బీర్భూం జిల్లా పాఠశాల నుండి మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక సంవత్సరం చదివాడు. ఆపైన వైద్యవిద్య కోసం ఇంగ్లండు వెళ్లాడు.

ఈ బాలుని మనస్సులో విమానం ఎప్పుడు చోటు చేసుకొన్నదో ఊహించడం కష్టం కాదు. ఆయనకు మేనమామ వరుస అయిన ఇంద్రలాల్ రాయ్ మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన వైమానిక యోధుడు. ఇంద్రలాల్ కథ కూడా ఒక విద్యార్థి కథయే. లండనులో చదువుకొంటూ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరేందుకు విద్యార్థి వేతనం సంపాదించుకొన్న ఆ యువకుడు దానిని కాదని బ్రిటిష్ వైమానిక దళానికి దరఖాస్తు చేశాడు. కంటిచూపు చాలదని మొదట తిరస్కరించారు. తన మోటారు సైకిలును అమ్మి, ఆ డబ్బుతో పేరుగల నేత్రవైద్యుని చేత మరల పరీక్ష చేయించుకొని, ఆ నిర్ణయాన్ని మార్పించాడు. 1918 జూలైలో పదమూడు రోజులలో పది వైమానిక విజయాలు సాధించి, అదే నెల 22న ఫ్రాన్సు గగనతలంలో నేలకొరిగాడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు నిండలేదు. సుబ్రతోకు ఏడేళ్లు.

అయితే ఇంద్రలాల్ మార్గం యుద్ధంతోనే మూసుకొనిపోయింది. బ్రిటిష్ వైమానిక దళపు అధికారులను తయారుచేసే క్రాన్‌వెల్ కళాశాల 1920లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో వెలసినా, అందులో భారతీయులకు ప్రవేశం లేకపోయింది. భారతీయులను సైనికాధికారులుగా నియమించే విషయం పరిశీలించిన స్కీన్ సంఘం, ఆ కళాశాల తలుపులు వారికి కూడా తెరవవలసినదని సిఫార్సు చేసింది. ఆ తలుపు తెరుచుకొన్న వెంటనే సుబ్రతో 1929లో ప్రవేశ పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణుడయ్యాడు.

ఇందులోని సాహసాన్ని ఈనాటి విద్యార్థి సరిగా గ్రహించాలంటే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వైద్యునికి ఏ ఊరికి వెళ్లినా గౌరవం, జీవనోపాధి సిద్ధంగా ఉండేవి. క్రాన్‌వెల్ చేరినవానికి చదువు ముగిసిన తరువాత పనిచేయవలసిన భారత వైమానిక దళం ఇంకా పుట్టనే లేదు! పుట్టబోయే సంస్థను నమ్ముకొని, చేతిలోని చదువును వదలుకోవడమే ఆయన చేసిన పని.

1930లో క్రాన్‌వెల్ శిక్షణకు ఎంపికైన భారతీయులు ఆరుగురు. సుబ్రతోతోపాటు హరీశ్‌చంద్ర సర్కార్, భూపేంద్ర సింగ్, అమర్‌జిత్ సింగ్, అవాన్, టాండన్ ఆ జట్టులో ఉన్నారు. వీరిలో టాండన్ పొట్టివాడు కావడం చేత విమాన చోదకునిగా పనికిరాడని తేల్చి, సామగ్రి సరఫరా శాఖకు మార్చారు. విమానపు ఆసనానికి మనిషి కొలతలు కూడా సరిపోవలసి ఉంటుంది. తెలివి, ధైర్యం ఎంత ఉన్నా ఆ నియమానికి సడలింపు లేదు. తక్కిన ఐదుగురు చోదకులయ్యారు. 1932 అక్టోబరు 8వ తేదీన వారు అధికారులుగా నియమితులయ్యారు. భారత వైమానిక దళం చట్టబద్ధంగా ఏర్పడినది కూడా ఆ రోజే.

1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రన్ ప్రారంభమైంది. వాపిటి అనే పాతకాలపు జంటరెక్కల విమానాలు నాలుగు, ఆ ఐదుగురు చోదకులు, కొద్దిమంది హవాయీ సిపాయిలు. ఇదే నాటి భారత వైమానిక దళం. ఆ సంవత్సరంలోనే ఒక విమాన ప్రమాదంలో భూపేంద్ర సింగ్, అమర్‌జిత్ సింగ్ మరణించారు. కలిసి చదివిన ఇద్దరు మిత్రులను కొన్ని నెలలలోనే పోగొట్టుకొన్న ఇరవై రెండేళ్ల ముఖర్జీ మరల విమానమెక్కాడు. వాయవ్య సరిహద్దు కొండల మీద, దిగడానికి సమతలం దొరకని చోట్ల, సంవత్సరాల తరబడి విధులు నిర్వర్తించాడు. 1939లో స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన తొలి భారతీయుడయ్యాడు. 1943లో కోహట్ వైమానిక స్థావరానికి అధిపతి అయ్యాడు.

ఆయన జీవితంలో రెండవ పెద్ద నిర్ణయం స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఎదురైంది. అప్పటికి భారతీయ వైమానికాధికారులలో ఆయనే అగ్రగణ్యుడు. వయస్సు ముప్పై ఆరు. తన మనుషులకు ఇంకా అనుభవం చాలదని గ్రహించి, మరికొన్ని సంవత్సరాలు బ్రిటిష్ అధిపతులు కొనసాగడం మేలని ఆయన అభిప్రాయపడ్డాడు. ఉన్నత పదవి కనుచూపు మేరలో ఉండగా ఆ మాట అనగలవారు అరుదు. ముగ్గురు బ్రిటిష్ అధిపతుల తరువాత 1954 ఏప్రిల్ 1న ఆయన ఆ బాధ్యత స్వీకరించాడు. కరాచీలో ఆ నాలుగు విమానాలతో బయలుదేరి అప్పటికి సరిగా ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆయన హయాములో హంటర్, మిస్టీర్, నాట్ యుద్ధవిమానాలు, కాన్‌బెర్రా బాంబరు విమానాలు దళంలో చేరాయి.

ముఖర్జీ తరం వారు సముద్రాలు దాటి నేర్చుకొన్న విద్య నేడు మనకు సమీపంలోనే లభిస్తున్నది. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. 2022 నుండి బాలికలకు కూడా అందులో ప్రవేశం ఉన్నది. అక్కడి మూడేళ్ల చదువు తరువాత విమాన శిక్షణకు వచ్చేది హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వైమానిక అకాడమీకే. పట్టభద్రులైన తరువాత చేరే దారులు వేరే ఉన్నాయి. కాబట్టి మొదటి ప్రయత్నం తప్పినవారు డిగ్రీ చదువును చులకన చేయకూడదు.

1960 నవంబరులో ఎయిరిండియా టోకియో నగరానికి ప్రారంభించిన తొలి విమానంలో ముఖర్జీ జపాను వెళ్లాడు. నవంబరు 8వ తేదీ రాత్రి ఒక భోజనశాలలో మిత్రునితో కలిసి భుజిస్తుండగా ఆహారపు తునక శ్వాసనాళంలో అడ్డుపడి ఊపిరాడక కన్నుమూశాడు. సరిహద్దు కొండలలో, కాలం చెల్లిన విమానాలలో ఎన్నో మార్లు గండం గడిచి బయటపడిన మనిషికి నలభై తొమ్మిదేళ్ల వయస్సులో మృత్యువు భోజనపు బల్ల వద్ద ఎదురైంది. ఆయన స్థానంలోకి వచ్చిన ఆస్పీ ఇంజనీరు కూడా క్రాన్‌వెల్ విద్యార్థియే.

ఆయన భార్య శారదా ముఖర్జీ మహారాష్ట్ర వనిత. భర్త మరణానంతరం ప్రజాజీవితంలో ప్రవేశించి, 1977లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా గవర్నరుగా వచ్చి హైదరాబాదు రాజభవన్‌లో నివసించింది. ముఖర్జీకి ఫుట్‌బాల్ ఆట అంటే ప్రాణం. పాఠశాలల బాలురకు దేశవ్యాప్తంగా పోటీలు జరగాలన్నది ఆయన సంకల్పం. ఆయన మరణించిన సంవత్సరంలోనే మొదలైన ఆ పోటీ సుబ్రతో కప్ అన్న పేరుతో ఢిల్లీలో జరుగుతూ వచ్చింది. అందులో నేడు బాలికల జట్లు కూడా ఆడుతున్నాయి.