శ్రీ కంచెర్ల గోపన్న మంత్రి చరిత్రము

భద్రాద్రిరాముని తలచినపుడెల్ల రామదాసుగారి నామము తోడనే స్ఫురించును. ఆయన భక్తిని గూర్చి పెద్దలు పెక్కు గ్రంథములు వ్రాసియున్నారు. అయితే ఆ మహనీయుడు భక్తుడు మాత్రమే కాడు. ఒక పరగణాకు పన్నులు వసూలుచేసిన యుద్యోగి, లక్షల ధనమును ఒక్క కట్టడమునందు వెచ్చించిన కార్యశూరుడు. ఆ ధనమును ఆ కాలమున, ఆ యడవిలో ఏల వెచ్చించెనో విచారించినవా రరుదు. నేడు మన కుటుంబములలో ఇండ్లస్థలములును పొలములును కొనువారు అనేకులు గలరు గావున ఈ విచారణము నిష్ప్రయోజనము కానేరదు.

గోపన్న మంత్రి 17వ శతాబ్దమున ఖమ్మము జిల్లా నేలకొండపల్లి గ్రామమందు నియోగికుటుంబమున జన్మించెను. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. గోల్కొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువున సర్వాధికారము వహించిన అక్కన్న మాదన్నలు ఈయనకు మేనమామలని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారయ్యెను.

నాటి రాజ్యస్థితి యెట్టిదో తెలిసికొననిదే ఈ చరిత్రము బోధపడదు. కొల్లూరు వజ్రముల వలనను, మచిలీపట్టణపు వస్త్రవర్తకము వలనను గోల్కొండకు బంగారము వచ్చుచుండెను. కాని 1636 సంధి ననుసరించి మొగలులకు ఏటేట 2 లక్షల హొన్నులు కప్పము కట్టవలసి వచ్చెను. 1656లో ఔరంగజేబు కోటను ముట్టడించినపుడు మఱింత ధనము చెల్లింపవలసినదయ్యెను. పరగణాల పన్నులను వేలమువేసి, హెచ్చుగా పాడినవాని కప్పగించు పద్ధతి ఆ శతాబ్దమున విస్తారముగా నుండెను. వచ్చు నేడు తన పాట నిలుచునో లేదో యని గుత్తదారు రైతును పీడించును. పీడితుడైన రైతు ఊరు విడిచిపోవును. భూమి యపారము, దున్నువారు కొలది. అందువలన బీడునేలకు వెలయే లేదు. నేలను సాగుచేయు చేతులకే వెల.

ఇట్టి కాలమున ధనవంతు డేమి చేయును? పొలము కొన్నచో పన్ను దానిని మ్రింగును. మేడ కట్టినచో ప్రభువు కోపించిననాడు అది పరుల పాలగును. కావున కొందఱు బంగారమును భూమిలో పాతిరి. కొందఱు ఓడసరకులపై పెట్టిరి. మఱికొందఱు చెఱువులు త్రవ్వించి, గుళ్లు కట్టించిరి. ఏలికలు మాఱినను దేవునిమాన్యము తఱచుగా నిలుచుచుండెను గదా!

గోపన్న యధికారము చేసిన పాల్వంచ పరగణా కోయగూడెములతోను, పోడు సేద్యముతోను నిండిన యడవిసీమ. గోదావరి యొడ్డున భద్రగిరిపై పోకల దమ్మక్కయను భక్తురాలు తాటాకుపందిరి వేసి దేవుని గొలుచుచుండెనని స్థలపురాణము. ఆ పందిరిని చూచి గోపన్న హృదయము ద్రవించెను. చందాలు పోగుచేసెను గాని చాలలేదు. అపుడు ప్రజలు సర్కారు పన్నుధనముతో గుడి పూర్తిచేయుమనియు, పంట యింటికి వచ్చినపిదప తాము తీర్చెదమనియు వాగ్దానము చేసిరని సంప్రదాయము. గోపన్న అందుకు సమ్మతించెను. రాతితో ఆలయము లేచెను. సీతమ్మకు చింతాకుపతకము మొదలగు నగలు సమకూడెను. వ్యయము 6 లక్షలని చెప్పుదురు.

ఇచ్చటనే మర్మము గలదు. రాని పంటను నమ్మి, తనది కాని ధనమును, ప్రభువు ననుమతి లేక, మరల రొక్కము కానేరని కట్టడమున పెట్టెను. రాతిగోడను అమ్మి పన్ను చెల్లింప వీలుపడునా? గోల్కొండ బొక్కసము గడువునకు ధనము కోరెను, ధనము లేదు. తానీషా ఆయనను చెఱసాలలో పెట్టించెను. మేనమామల యధికారము గూడ ఆయనను కాపాడజాలలేదు. పండ్రెండేండ్లు కారాగారమున గడచెనందురు. ఆ దుఃఖములోనుండియే మనము పాడుకొను కీర్తనలు పెక్కులు వెలువడెను. కడకు రామలక్ష్మణులే బంట్ల వేషమున వచ్చి ఆ ధనమును తానీషాకు చెల్లించిరని భక్తలోకపు విశ్వాసము. ప్రభువు పశ్చాత్తప్తుడై గోపన్నను విడిపించి, కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు నాచారము నెలకొల్పెను. దానిని తర్వాతి ప్రభుత్వములు నేటికిని పాటించుచున్నవి.

కొలదికాలమునకే అక్కన్న మాదన్నలు వధింపబడిరి. వారి సంపద కొల్లపోయెను. 1687లో గోల్కొండయే మొగలుల వశమయ్యెను. మంత్రుల మేడలు పోయెను, రాజు బొక్కసము పోయెను. భద్రగిరిపై గుడి నిలిచెను. 19వ శతాబ్దమున తూము నరసింహదాసుగారు పూజోత్సవములను ఉద్ధరించిరి. 1965లో గోదావరిపై వంతెన యేర్పడినది. యాత్రికులు పెరిగిరి, పట్టణము పెరిగినది, వెలలేని నేలకు వెల వచ్చినది. అయితే అది గిరిజనుల సీమ గనుక 1970నాటి 1/70 నిబంధన ప్రకారము గిరిజనేతరు లచ్చట భూమి కొనరాదు. 2014లో సరిహద్దులు మాఱగా పురుషోత్తపట్నములోని దేవునిమాన్యము ఆంధ్రప్రదేశమున జేరినది. ధనమునకు కాలస్థితి యెంతయో, చట్టమును ఎల్లలును అంతే యని దీనివలన తెలియుచున్నది.

నేను ఉపాధ్యాయుడనై యున్నకాలమున ఈ కథ చెప్పునపుడు ఒక బాలుడు లేచి, సర్కారు సొమ్ముతో గుడి కట్టుట తప్పు గాదా యని యడిగెను. అపుడు భక్తిమహిమను చెప్పి వానిని కూర్చుండబెట్టితిని. ఆ సమాధానము చాలదని వార్ధకమున తోచుచున్నది. తప్పే. గోపన్న చోటెఱిగెను, నిలుచు వస్తువు నెఱిగెను. ధనము ఎవరిదో, గడువు ఎన్నడో మఱచెను. ఆ తప్పునకు పరులను బలిచేయక తానే శిక్ష ననుభవించుటయే ఆయన గొప్పతనము. పంట చేతికి రాకముందే అప్పుచేసి స్థలములు కొనువారును, సంఘపుధనముతో సత్రములు కట్టబూనువారును ఆలయదర్శనముతో పాటు గోల్కొండలోని ఆ చెఱసాలను గూడ ఒకమాఱు చూచి వచ్చుట శ్రేయస్కరము.