కెన్నెత్ ఆండర్సన్: మృగయావివేకము

వేటకానికి శౌర్యముకంటె వివేకము ముఖ్యము. ధ్వని నాలించి యేనుఁగు నీరు త్రావుచున్నదని తలఁచి బాణము విడిచిన దశరథుని కథయు, మృగరూపమున నున్న మునిని గొట్టిన పాండురాజు కథయు మన బాలు రెఱిఁగినవే. అట్టి వివేకమునకుఁ బేరొందిన కెన్నెత్ ఆండర్సన్ చరితము నిందు సంగ్రహముగ వ్రాయుచున్నాఁడను.

ఈతఁడు స్కాట్లండు సంతతివాఁడయ్యును మన తెలుఁగునేలయందే, సికింద్రాబాదు చెంతనున్న బొలారమున 1910వ సంవత్సరమున జన్మించెను. పూర్వులు పెక్కు తరములుగ భారతదేశముననే యుండిరి. తండ్రివలన నడవిపై మక్కువ గలిగెను. బెంగుళూరున విద్య నభ్యసించి, అచ్చటి విమానకర్మాగారమున నుద్యోగము చేసెను. విరామకాలము నడవులలో గడపెడివాఁడు. నాఁటి చిత్తూరు జిల్లాలోని చామల, మామండూరు అడవు లాయనకుఁ జిరపరిచితములు. నరభక్షకములగు పులులను, చిఱుతలను గూల్చి గ్రామములకు భయము వాపెను. 1954లో వెలువడిన ప్రథమగ్రంథముతో నాయన కీర్తి దేశాంతరములకుఁ బ్రాఁకెను.

ఆయన చేతనుండినది వించెస్టరు కంపెనీవారి .405 తుపాకి. దాని గుండు 300 గ్రెయినులు, అనఁగా నించుమించు 19 గ్రాములు తూఁగును. పులికిఁ దగిన యీ గుండు చిన్న జింకకు మితిమీఱినది. గుండు నెన్నుకొనుటలో నొక ధర్మసూక్ష్మము గలదు. సీసమునకు రాగితొడుగు ముక్కువఱకుఁ గప్పిన గట్టిగుండు దుప్పి దేహమును దూసి యావలకుఁ బోవును. ఆ మృగము గాయముతోఁ బరువెత్తి పొదలలో నెంతయో బాధపడి చచ్చును. ఏనుఁగువంటి దానికే యది తగును. ముక్కున సీసము బయల్పడిన మెత్తగుండు లోపలఁ బుట్టగొడుగువలె విచ్చుకొని శీఘ్రముగఁ బ్రాణము దీయును. అదియు మిక్కిలి తేలికయై యతివేగముగఁ బోయినచోఁ జర్మమునొద్దనే పగిలి పైగాయము మాత్రము చేయవచ్చును. కావున నలువది కిలోల కృష్ణజింకకుఁ జాలునది, రెండువందల కిలోల కణుజునకుఁ జాలదు. ఎట్టి గుండైనను భుజము వెనుక హృదయ శ్వాసకోశములకుఁ దగులకున్న వ్యర్థమే.

అజాగ్రత్తగఁ గాల్చుటవలనఁ బుట్టు కీడు జింకతోడనే ముగియదు. గాయపడి సహజమైన యాహారమును బట్టఁజాలని పులి మనుష్యులపైఁ బడునని యాండర్సను తన గ్రంథములలోఁ దెలిపెను.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను; 1974లో నాయన బెంగుళూరున దివంగతుఁడయ్యెను. నేఁడు జింకవేట నేరము. వసిష్ఠ గోదావరి యొడ్డున దిండిలోఁ గొబ్బరితోఁటల నడుమ బ్రదుకు మనకుఁ దుపాకిగుండుతోఁ బనిలేదు. అయినను అధికారమో, ధనమో, వాక్కో చేతికి వచ్చిన యువకులు, అది యెవరికిఁ దగులునో, ఎంతలోఁతుగఁ దగులునో యెఱిఁగి ప్రయోగింతురుగాక యని కోరుచున్నాఁడను.