పి.టి.రెడ్డి

పి.టి.రెడ్డిగా ప్రసిద్ధుడైన పాకాల తిరుమల్ రెడ్డి (1915 - 1996) ఆధునిక చిత్రకారుడు. తాంత్రిక సంప్రదాయంలోని రేఖాకృతులను నైరూప్య చిత్రకళలోకి తెచ్చిన భారతీయ చిత్రకారులలో ఒకడు.

జీవిత విశేషాలు

ఈయన కరీంనగర్ జిల్లా అన్నవరం గ్రామంలో జన్మించాడు. బొంబాయి సర్ జె.జె. కళా విద్యాలయంలో చిత్రలేఖనం అభ్యసించాడు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1916లో చేరినది కూడా ఈ విద్యాలయంలోనే. రామారావు చిత్రాలలో కథ, మనుషులు, గోదావరి ప్రకృతి కనిపిస్తాయి. రెడ్డి చదివే కాలానికి ఐరోపా నవ్యరీతుల ప్రభావం బొంబాయికి చేరింది. 1941లో ఈయన నలుగురు సహచరులతో కలిసి ఒక సమకాలీన చిత్రకారుల బృందాన్ని ఏర్పరచాడు. పేరు పొందిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు ఏర్పడింది 1947లో. ముందు నడచిన ఈ ఐదుగురికి కళాచరిత్రలో తగిన చోటు దక్కలేదనే చెప్పాలి.

తరువాత హైదరాబాదులో స్థిరపడ్డాడు. ప్రముఖ రచయిత్రి పాకాల యశోదారెడ్డి ఈయన భార్య. చిత్రాలతో పాటు ఎచింగులు, కొయ్య శిల్పాలు కూడా చేశాడు.

ఆకృతులు, రంగులు

1960ల, 70ల కాలంలో రెడ్డి చిత్రాలలో వృత్తం, త్రికోణం, బిందువు, పద్మదళం, చుట్ట చుట్టుకొన్న సర్పం ప్రధానమయ్యాయి. కాశ్మీరుకు చెందిన జి.ఆర్.సంతోష్, బీరేన్ దే మొదలైనవారు కూడా ఆ కాలంలో ఇదే దారి పట్టారు. తాంత్రిక సంప్రదాయంలో ఊర్ధ్వముఖ త్రికోణం శివునికి, అధోముఖ త్రికోణం శక్తికి సంకేతం. శ్రీచక్రంలో మొదటివి 4, రెండవవి 5 ఉంటాయి.

రష్యాలో మాలేవిచ్ నల్ల చతురస్రాన్ని ప్రదర్శించినది 1915లో, అంటే రెడ్డి పుట్టిన ఏడే. ఆకృతిని అర్థం నుండి విడదీయాలన్నది మాలేవిచ్ పట్టుదల. రెడ్డి చిత్రంలో త్రికోణం తన పాత అర్థాన్ని వదులుకోదు. అందువల్ల ఇది నిజమైన నైరూప్యకళ కాదనీ, పూజాయంత్రాల అనుకరణ అనీ నవ్య తాంత్రిక చిత్రాలపై ఒక ఆక్షేపణ ఉంది. ఈ ఆక్షేపణ రంగులను లెక్కలోకి తీసుకోదు. యంత్రానికి గీత ఉంటే చాలు, రాగిరేకు మీద గీసినా యంత్రమే. చిత్రానికి అది చాలదు. నీలం పక్కన ఉంచిన ఎరుపు ముందుకు వచ్చినట్లు, నీలం లోతుకు పోయినట్లు కంటికి తోస్తుంది. అదే ఎరుపును నారింజ పక్కన ఉంచితే ఆ వేగం తగ్గుతుంది. ఒకే త్రికోణం ఒక చిత్రంలో బరువుగా, మరొక చిత్రంలో తేలికగా అనిపించడానికి కారణం ఈ పొరుగు రంగులే. సంక్రాంతి ముగ్గులో రంగులు నింపేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.