కార్డోవా రాజవైద్యుడు హస్దాయ్

10వ శతాబ్దియందు స్పెయిన్ దేశమున అధిక భాగము ముస్లిము ప్రభువుల యేలుబడిలో నుండెను. వారి రాజధాని కార్డోవా. 929లో ఖలీఫా బిరుదము వహించిన మూడవ అబ్దుల్ రహమాన్ అన్యమతస్థులలోని సమర్థులను గూడ కొలువున చేర్చుకొనెను. అట్టివారిలో అగ్రగణ్యుడు హస్దాయ్ ఇబ్న్ షప్రూత్.

ఈతడు 915 ప్రాంతమున యూదు కుటుంబమున జన్మించెను. హీబ్రూ, అరబ్బీ, లాటిను భాషలు నేర్చి, వైద్యుడై ఖలీఫా మన్నన బడసెను. సుంకముల శాఖను నిర్వహించెను. యూదులకు పెద్దయై వ్యవహరించెను. అయినను మంత్రి యను బిరుదము అతనికి లభింపలేదు. నాటి శాసనము ననుసరించి యూదులును, క్రైస్తవులును రక్షణ పొందిన ప్రజలేగాని ముస్లిములతో సమానులు కారు; వారు ప్రత్యేకముగ తలపన్ను చెల్లింపవలసి యుండెను.

953లో జర్మను రాజగు ఒట్టో పంపిన రాయబారి, జాన్ అను క్రైస్తవ సన్యాసి, కార్డోవాకు వచ్చెను. అతడు తెచ్చిన లేఖలో ఇస్లామును నిందించు మాటలుండెను. అట్టి నిందకు శిక్ష మరణమే. లేఖను సభలో సమర్పించినచో నగరములోని క్రైస్తవులకును కీడు మూడగలదు. హస్దాయ్ ఆ సన్యాసిని కలిసికొని, రానున్న అపాయమును మృదువుగా విశదపరచెను. జాన్ పట్టు విడువలేదు. తుదకు కొలువులోని రెసెముండ్ అను క్రైస్తవుడు జర్మనీకి బోయి, సౌమ్యమైన క్రొత్త లేఖను తెచ్చెను. దాదాపు మూడేండ్ల చిక్కు 956లో రక్తపాతము లేకయే తీరెను.

హస్దాయ్ కీర్తిని నిలిపినది వేరొక కార్యము. గ్రీకు వైద్యుడగు దియోస్కోరిడీస్ 1వ శతాబ్దియందు రచించిన ఓషధి గ్రంథమును బాగ్దాదులో స్టీఫెన్ అను క్రైస్తవుడు 9వ శతాబ్దియందే అరబ్బీలోనికి అనువదించెను. అయితే అరబ్బీలో పేరు తెలియని మూలికలకు గ్రీకు పేర్లనే యుంచెను. అందుచే చదువరికి పేరు తెలియునేగాని మొక్క తెలియదు. ఒక మూలికకు మారుగా వేరొకటి వాడినచో మందే విషము కావచ్చును.

ఇంతలో కాన్‌స్టాంటినోపిల్ చక్రవర్తి మొక్కల చిత్రములతో గూడిన గ్రీకు ప్రతిని ఖలీఫాకు కానుకగా పంపెను. ప్రాచీన గ్రీకు చదువగలవాడు కార్డోవా క్రైస్తవులలో ఒక్కడును లేడయ్యెను. ఖలీఫా కోరికపై 951లో నికొలాస్ అను క్రైస్తవ సన్యాసి వచ్చెను. అతడును, హస్దాయియు, ముస్లిము వైద్యులును కలిసి ఒక్కొక్క పేరునకు తగిన మొక్కను నిర్ణయించిరి. సిసిలీ నుండి వచ్చిన అబూ అబ్దుల్లాకు గ్రీకు భాషయు, మూలికలును రెండును తెలిసియుండుట వారికి మిక్కిలి తోడ్పడెను. వారిలో ఏ యొక్కరి విద్యయు ఆ పనికి చాలినది కాదు. అందరికంటె ఆసక్తి గలవాడు హస్దాయ్. నికొలాస్ అతనికి ఆప్తుడయ్యెను. కొలది మూలికలు తప్ప తక్కినవన్నియు తేలినవి. విషమునకు విరుగుడుగా ప్రసిద్ధి కెక్కిన ఔషధమును కార్డోవాలో మొదట సిద్ధపరచినదియు అప్పుడే.

హస్దాయ్ 970 ప్రాంతమున మరణించెను. ఆ సామరస్యము శాశ్వతము కాలేదు. 1066లో గ్రనాడాలో యూదుల ఊచకోత జరిగెను; 1492లో క్రైస్తవ ప్రభువులు యూదులను స్పెయిన్ నుండి వెడలగొట్టిరి. కాని ఆ వైద్యుల శ్రమ వ్యర్థము కాలేదు. వారిలో కొందరిని యౌవనమున నెరిగిన ముస్లిము వైద్యుడు ఇబ్న్ జుల్జుల్ 982లో ఆ ఓషధుల పేర్లను వివరించుచు గ్రంథము రచించెను. యూదుడు, క్రైస్తవుడు, ముస్లిము ఒక్కచోట కూర్చుండి సాధించిన ఆ జ్ఞానము తరువాతి తరముల వైద్యులకు ఆధారమయ్యెను.